బ్రౌనింగ్ లింకు: ఎం1911 పిస్తోలు కోత నమూనా, ప్రాజెక్టు డైరీ

జూన్ 1

ఈసారి బోర్డెక్కేది కోల్ట్ ఎం1911. అమెరికా సైన్యం 1911 మార్చి 29న ఖాయం చేసుకుని, 1985లో ఇటలీ కంపెనీ బెరెట్టా పిస్తోలు వచ్చేదాకా నడుముకు కట్టుకు తిరిగిన పిస్తోలు. పాలిటెక్నిక్‌లో మెషీన్ డ్రాయింగు చెప్పినన్నాళ్లూ యంత్రాన్ని నిలువునా కోసి పిల్లల ముందు పెట్టాలని నాకు ఒకటే సరదా. రిటైరయ్యాక తీరిగ్గా తీర్చుకుంటున్నాను. జెనీవా చక్రం అయింది, తాళంకప్ప అయింది, కుట్టుమిషను షటిలూ అయింది.

ముందే ఒక మాట. ఇది తుపాకీ కాదు, చేత్తో పట్టుకుని ఆడుకునే బొమ్మా కాదు. గోడకు తగిలించే చదునైన చెక్కబోర్డు, అసలు దానికి మూడింతలు. గొట్టానికి రంధ్రం ఉండదు, పేలేది ఏదీ ఉండదు. ఏ ముక్క ఎప్పుడు కదులుతుందో, దేన్ని ఎప్పుడు వదిలేస్తుందో కంటికి ఆనాలి, నాకు కావలసింది అంతే.

అసలు పిస్తోలు పొడవు 216 మి.మీ. బోర్డు మీద 648. గొట్టం 127, నాకు 381. తూటా 32 మి.మీ. పైచిలుకు, నా చెక్క తూటా 97. బొమ్మకి ఆధారం ఈ పిస్తోలు రూపకర్త జాన్ బ్రౌనింగ్ పేటెంటు: నంబరు 984519, 1911 ఫిబ్రవరి 14. అందులో కొలతలుండవు గానీ పక్క నుంచి కోసిన బొమ్మ ఉంది, గీతలు ఎంత పొందిగ్గా ఉన్నాయో. గొట్టం పొడవు తెలుసు కాబట్టి దాన్ని పట్టుకుని మిగతావన్నీ పెంచుకోవచ్చు. జిరాక్సు షాపులో ఏ1 సైజు తీయించి గోడకు అంటించాను.

జూన్ 8

చెక్క కొనేముందు చదువు. ఏ ముక్క ఎందుకుందో తెలియకుండా కోస్తే బోర్డు బొమ్మలాగే మిగులుతుంది.

కథ మొదలైంది ఫిలిప్పీన్స్‌లో. 1899లో అక్కడ యుద్ధానికి దిగిన అమెరికా సైనికుల చేతుల్లో ఉన్నవి పాయింట్ 38 రివాల్వర్లు (గుండు లావుని అంగుళాల్లో చెప్పే అంకె అది). దక్షిణాన మోరో యోధులతో తలపడ్డాక ఫిర్యాదులు మొదలయ్యాయి: గుళ్లు తగిలినా మనిషి ఆగడం లేదు, కత్తి పట్టుకుని మీదికి వచ్చేస్తున్నాడు. అటకెక్కించిన పాత పాయింట్ 45 రివాల్వర్లను దుమ్ము దులిపి మళ్లీ పంచిపెట్టారు.

1904లో జాన్ థాంప్సన్ అనే అధికారి, లగార్డ్ అనే సైనిక వైద్యుడు కలిసి పరీక్షలు చేశారు. చికాగో కబేళాల దగ్గర బతికున్న పశువుల మీదా, వైద్యానికిచ్చిన శవాల మీదా రకరకాల గుళ్లు పేల్చి చూశారు. పాయింట్ 45కి తగ్గకూడదని తేల్చారు. దాన్ని శాస్త్రమనడానికి నాకు మనసొప్పదు. పశువుల సంఖ్య తక్కువ, కాల్చిన తీరు ఒక్కోదానికి ఒక్కోలా ఉంది, ముందే అనుకున్న సమాధానం వైపు లెక్క లాగినట్టు కనపడుతుంది. అయినా ఆ అంకె మాత్రం ఎనభై ఏళ్లు పాతుకుపోయింది. గుండు వ్యాసం పదకొండున్నర మి.మీ., నా బోర్డు మీద 34. బ్రౌనింగ్ మొదట 200 గ్రెయిన్ల గుండుతో తూటా తయారుచేస్తే, ఇంకా బరువు కావాలని 230కి తెచ్చారు. అంటే ఇంచుమించు 15 గ్రాములు. ఈ 15 గ్రాములు గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

చదువుతుంటే ఒకటి తట్టింది. ఈ పిస్తోలులో ప్రతి ముక్క వెనకా ఎవరిదో ఒక గొడవ ఉంది. బోర్డు మీద ముక్కల పేర్లు రాయడం మామూలే, అది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. నేను పేరు పక్కన ‘అడిగినది ఎవరు’ అని ఇంకో వరస రాస్తాను. ఈ బోర్డుకి అదే అసలు పని.

జూన్ 15

మేస్త్రి దగ్గర చెక్క కోత. వెనక బోర్డుకి 18 మి.మీ. ప్లైవుడ్, ఫ్రేముకీ (పిడితో కలిసిన కింది భాగం) స్లైడుకీ (గొట్టాన్ని కప్పి, ముందుకీ వెనక్కీ జారే పై భాగం) 12 మి.మీ., జారే చోట టేకు పట్టీలు. బొమ్మ చూడగానే ఆయన చెయ్యి ఆగిపోయింది.

‘‘ఏంటి మాస్టారూ, ఈ వయసులో తుపాకీ పనా? పోలీసోళ్లు నా దుకాణానికొస్తే?’’

‘‘రెండడుగుల పలక మేస్త్రిగారూ. కావాలంటే చపాతీలు చేసుకోవచ్చు దీనిమీద.’’

‘‘అయితే నారింజ రంగు కొట్టండి. దూరాన్నించి చూసినోడికి కూడా చెక్కని తెలియాలి.’’

మంచి మాట. స్లైడు నారింజ, గొట్టం నీలం, ఫ్రేము తెలుపు.

జూన్ 22

స్లైడు, ఫ్రేము కోత పూర్తి. టేకు పట్టీల మధ్య కొవ్వొత్తి రుద్దితే స్లైడు హాయిగా జారుతోంది. ఫెవికాల్ ఆరాలి.

జూన్ 29

ఈ రోజంతా లింకు.

లింకంటే రెండు రంధ్రాలున్న చిన్న ఉక్కు ముక్క. పై రంధ్రం గొట్టం అడుగున, మడమ దగ్గర తగులుకుంటుంది. కింది రంధ్రంలోంచి ఫ్రేముకి అడ్డంగా ఒక పిన్ను పోతుంది. ఆ రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం 0.278 అంగుళం, అంటే 7 మి.మీ. చిటికెన వేలి గోరంత. నా బోర్డుకి 21 మి.మీ. ఇత్తడి పట్టీ కోసి, ఆకురాయితో అంచులు గుండ్రం చేసి, రెండు రంధ్రాలు వేశాను.

ఇది చేసే పని చెప్పాలంటే ముందు సమస్య చెప్పాలి. పాయింట్ 45 తూటా పేలినప్పుడు ఒత్తిడి ఎక్కువ. గుండు గొట్టం దాటి బయటపడేదాకా గొట్టం వెనక తలుపు, అంటే స్లైడు, తెరుచుకోకూడదు, తెరుచుకుంటే వేడి గ్యాసు కాల్చినవాడి మొహం మీదికే. అలాగని తలుపు బిగుసుకుపోయి కూర్చున్నా లాభం లేదు, రెండో తూటా ఎక్కదు. అందుకని గొట్టం నెత్తిన పళ్లు పెట్టి, స్లైడు లోపలి గాడుల్లో ఇరికించాడు బ్రౌనింగ్. పేలగానే రెండూ కలిసి వెనక్కి వస్తాయి. కాస్త దూరం వచ్చాక లింకు గొట్టం మడమను కిందికి లాగుతుంది, పళ్లు ఊడతాయి, గొట్టం ఆగిపోతుంది, స్లైడు ఒక్కటే వెనక్కి పోతుంది. పోతూ ఖాళీ తూటా తొడుగుని కొక్కెంతో లాగి బయటికి విసిరేస్తుంది, హేమరుని, అంటే తూటాని పేల్చడానికి కొట్టే సుత్తిని, వెనక్కి మడుస్తుంది. స్ప్రింగు తిరిగి ముందుకు తోసేటప్పుడు మ్యాగజైను పైనున్న కొత్త తూటాని గొట్టంలోకి నెడుతుంది.

పుస్తకాల్లో ఇంతే ఉంటుంది. బోర్డు మీద స్కేలు పెట్టి కొలిస్తే గానీ దీని సొగసు తెలియలేదు. తూటా ఎక్కి ఉన్నప్పుడు లింకు నిటారుగా నిలబడి ఉంటుంది. స్లైడు పట్టుకుని వెనక్కి లాగాను. 8 మి.మీ. వెనక్కి వచ్చినా గొట్టం మడమ దిగింది ఒకటిన్నర మి.మీ. మాత్రమే. పళ్ల ఎత్తు 4, కాబట్టి ఇంకా గట్టిగానే పట్టుకుని ఉన్నాయి. ఇంకో 8 లాగాను. ఈసారి మడమ ఆరు మి.మీ. దాకా దిగబడింది, పళ్లు పూర్తిగా వదిలేశాయి. మొదటి సగం దూరం దాదాపు తాళం వేసినట్టే, రెండో సగంలో తలుపు బార్లా. నిటారు కడ్డీ పక్కకి వాలేటప్పుడు ముందు నెమ్మదిగా, తర్వాత వేగంగా దిగడమన్నది వృత్తం గుణం. బ్రౌనింగ్ దానికి స్ప్రింగు పెట్టలేదు, టైమింగు కోసం వేరే మీట పెట్టలేదు. వృత్తానికే ఆ పని అప్పజెప్పాడు.

ఆ 15 గ్రాములు ఇక్కడికే వస్తాయి. స్లైడూ గొట్టమూ కలిపి ఇంచుమించు అరకిలో. గుండుకి ముప్ఫై రెట్లు. గుండు గొట్టంలో పది సెంటీమీటర్లు ముందుకు పోతే, ఇవి అందులో ముప్ఫయ్యో వంతు వెనక్కి, అంటే సుమారు 3 మి.మీ. నా బోర్డు మీద 9 లేదా 10. ఆ చోట స్లైడు ఆపి పళ్లు చూశాను: సగం లోతు ఇంకా ఇరుక్కునే ఉన్నాయి. గుండు వెళ్లిపోయింది, తలుపు తెరుచుకోలేదు. స్లైడు అంచున అక్కడో ఎర్ర గీత గీసి పెట్టాను, పిల్లలు అక్కడ ఆపి చూడొచ్చు.

జులై 6

అంతకుముందు బ్రౌనింగ్ చేసినవాటిలో లింకులు రెండు. 1900 నాటి పాయింట్ 38 నుంచి, 1905 నాటి పాయింట్ 45 దాకా గొట్టానికి ముందొకటి వెనకొకటి. గొట్టం మొత్తం సమాంతరంగా కిందికి దిగేది. దిగి, మళ్లీ ఎక్కి, ప్రతిసారీ అదే చోట కూర్చోవాలి. ముందు లింకు తీసేసి, గొట్టం మూతిని స్లైడు కొసనున్న బుషింగు అనే ఉంగరంలో కూర్చోబెట్టి, వెనక మాత్రమే దిగేలా చేశాక ఒక లింకూ ఒక పిన్నూ తగ్గాయి, మూతి కుదురు పెరిగింది.

పాతవాటిలో ఇంకో భయముండేది. స్లైడు ఫ్రేము మీదికి వెనక నుంచి ఎక్కేది, ముందున్న ఒక చిన్న అడ్డు చీల దాన్ని ఆపేది. ఆ చీల విరిగితే స్లైడు వెనక్కి, అంటే కాల్చేవాడి కంటి మీదికి రావచ్చు. 1911లో స్లైడు ఊడదీయాలంటే ముందుకే రావాలి. వెనక్కి వచ్చే దారే లేదు. కొత్త మీట పెట్టి కాపాడడం వేరు, అపాయం అసలు సాధ్యం కాకుండా చేయడం వేరు. డ్రాయింగు క్లాసులో నేను మార్కులిచ్చేది రెండోదానికే.

పోల్చి చూపించడానికి రెండు లింకుల గొట్టం కూడా చిన్న సైజులో చేసి పక్కన పెట్టాలని ఉంది. చోటుంటే చూద్దాం.

జులై 13

వానలు. గాలిలో తేమకి టేకు పట్టీలు ఉబ్బి స్లైడు బిగుసుకుంది. చిత్రికతో రెండు పొరలు తీసి, రెండు వైపులా వార్నిష్ పూశాను. ఈ రోజుకింతే.

జులై 20

పిడి వైపు పని. మాట్లాడుకోవాల్సిన గొడవలన్నీ ఇక్కడే ఉన్నాయి.

పిడి వెనక పిడి సేఫ్టీ అనే పలక ఉంటుంది, అరచేయి దాన్ని నొక్కితేనే ట్రిగ్గరు కదులుతుంది. చేతిలోంచి జారి కింద పడితే ట్రిగ్గరు కదలకూడదని సైన్యం 1907 నమూనా నాటికే అడిగి పెట్టించుకుంది. బొటనవేలి దగ్గరున్న సేఫ్టీ మీట 1910లో వచ్చింది. ఎందుకంటే గుర్రం. అశ్వికదళం వాడికి ఒక చేతిలో కళ్లెం, ఒక చేతిలో పిస్తోలు. గుర్రం బెదిరితే హేమరుని బొటనవేలితో మెల్లగా దించే తీరికెక్కడిది? హేమరు మడిచి ఉండగానే ఒక్క వేలితో మీట పైకి నెట్టి ఒరలో దోపుకోవాలి. పిడి అడుగునున్న కొక్కెం తాడు కట్టుకోవడానికి, అదీ గుర్రం కోసమే. ఇంకో నాలుగేళ్లలో ఐరోపాలో కందకాలూ మెషీన్ గన్నులూ గుర్రాల పని పట్టబోతున్నాయి. గుర్రాలు పోయాయి, మీట మాత్రం నేటికీ ఉంది.

మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక ఇంకో విడత ఫిర్యాదులు. ట్రిగ్గరు దూరంగా ఉంది, చిన్న చేతులకి అందడం లేదన్నారు. పొట్టి చేసి, దాని వెనక ఫ్రేముకి రెండు వైపులా పల్లం తీశారు. హేమరు వెనక్కి వచ్చినప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కొరుకుతోందన్నారు. పిడి సేఫ్టీ పైనున్న తోక పొడవు పెంచారు. గుళ్లు కిందికి పోతున్నాయన్నారు. పిడి వెనక భాగాన్ని కాస్త పొట్ట వచ్చేలా వంచారు. ఈ మార్పులన్నీ 1920ల నడుమ వచ్చినవి, అప్పటినుంచి పేరు ఎం1911ఏ1. లోపలి లింకునీ పళ్లనీ ఎవరూ ముట్టుకోలేదు.

నా బోర్డు పిడి వెనక భాగం ఊడదీసి మార్చుకునేలా చేశాను. తిన్నని ముక్క ఒకటి, పొట్టముక్క ఒకటి. రెండూ చేత్తో పట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. నాకైతే తిన్నదే నచ్చింది. తర్వాతి రోజుల్లో పోటీల్లో కాల్చేవాళ్లలో చాలామంది కూడా తిన్నదానికే మళ్లారు.

జులై 27

విజయవాడ ఆటోనగర్‌లో స్ప్రింగు చుట్టించుకొచ్చాను. అసలు దానిలో స్లైడు స్ప్రింగు బలం 16 పౌండ్లు. నాకు పదేళ్ల పిల్ల కూడా లాగగలిగినంత మెత్తగా కావాలి. ‘‘సార్, ఇంత లూజు స్ప్రింగు ఏ బండికి?’’ అన్నాడు కుర్రాడు. చెక్క బండికన్నాను.

లోపల ఇంకో స్ప్రింగుంది, దాని మీద నాకు మహా గౌరవం. ఒకే ఉక్కు రేకు, పైన మూడుగా చీలి ఉంటుంది. ఒక రేకు హేమరుని పట్టి ఉంచే సియరుని నొక్కుతుంది. మధ్య రేకు ట్రిగ్గరుకీ సియరుకీ నడుమనుండే డిస్కనెక్టరునీ, దాంతోపాటు ట్రిగ్గరునీ తోస్తుంది. మూడోది పిడి సేఫ్టీని. మూడు స్ప్రింగులు పెట్టాల్సిన చోట ఒక్కటి. పాత గోడగడియారం స్ప్రింగు రేకు కోసి చేశాను. వంపు కుదరడానికి ఒక పూట పట్టింది, మధ్య రేకు కాస్త ఎక్కువ వంగితే ట్రిగ్గరు రాయిలా బిగుస్తుంది.

ఆగస్టు 3

మేనకోడలు వచ్చింది. పదో తరగతి. బోర్డు ముందు కూర్చుని స్లైడు లాగుతూ వదులుతూ అడిగింది:

‘‘మావయ్యా, ట్రిగ్గరు నొక్కి అలాగే పట్టుకుంటే తూటాలన్నీ టపటపా పేలిపోవా?’’

చాలామంది పెద్దవాళ్లకి తట్టని ప్రశ్న.

‘‘నొక్కి పట్టుకో. ఇప్పుడు స్లైడు లాగు. ఆ తెల్ల ముక్క చూడు.’’

‘‘కిందికి పోయింది!’’

అదే డిస్కనెక్టరు. ట్రిగ్గరుకీ సియరుకీ మధ్య నిలబడ్డ చిన్న కడ్డీ. దాని నెత్తి ఫ్రేము పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. స్లైడు పూర్తిగా ముందుకొచ్చి మూసుకున్నప్పుడు మాత్రమే స్లైడు అడుగునున్న గుంటలోకి లేస్తుంది. స్లైడు ఏ మాత్రం వెనక ఉన్నా దాన్ని కిందికి తొక్కేస్తుంది, ట్రిగ్గరు ఎంత నొక్కినా సియరుకి అందదు. వేలు వదిలి మళ్లీ నొక్కితేనే రెండో తూటా. ఒకే కడ్డీతో రెండు పనులు: ఒక నొక్కుకి ఒకటే పేలాలి, తలుపు సగం తెరిచి ఉంటే అసలు పేలకూడదు.

‘‘మరి వేలు తీయకుండా కాల్చాలంటే?’’ అంది. అది ఈ బోర్డు మీద లేదన్నాను.

ఆగస్టు 10

రంగులు. స్లైడు నారింజ రెండో పూత. ఆరేలోపు పోటీ సంగతి రాస్తాను.

1907 నుంచి సైన్యం పెట్టిన పరీక్షలకు వచ్చినవాటిలో చివరిదాకా నిలిచినవి కోల్ట్, శావేజ్ కంపెనీల పిస్తోళ్లు. జర్మనీ లూగర్‌ని కూడా పాయింట్ 45లో తయారుచేసి పంపారు గానీ అది మధ్యలోనే తప్పుకుంది. ఆఖరి పరీక్షలో ఒక్కో పిస్తోలుతో ఆరువేల తూటాలు. కాలిపోయేంత వేడెక్కితే నీళ్లలో ముంచి తీసి మళ్లీ కాల్చడమే. శావేజ్ 37 సార్లు మొరాయించింది. కోల్ట్ ఒక్కసారీ మొరాయించలేదు. బ్రౌనింగ్ స్వయంగా అక్కడ ఉన్నాడు. యూటాలోని ఆగ్డెన్‌లో తుపాకులు బాగుచేసేవాడి కొడుకు, 1855లో పుట్టినవాడు. అప్పటికి యాభై అయిదు దాటాడు.

ఇన్నేళ్లకి ఆ నీళ్ల బకెట్టు నాకు అర్థమైంది. ముక్కల మధ్య సందు కాస్త వదులుగా ఉంది కాబట్టే వేడికీ నీళ్లకీ మట్టికీ బిగుసుకోలేదు. బెత్తెడు వానకే బిగిసిన నా టేకు పట్టీలకి ఆ సుఖం లేకపోయింది.

ఆగస్టు 17

ఇంట్లో కుట్టుమిషను సింగర్‌ది, మా అమ్మ నాటిది. షటిల్ బోర్డు చేసినప్పుడు దాన్ని విప్పి కొలతలు తీసుకున్నాను. సింగర్ కంపెనీ ఎం1911ఏ1 కూడా చేసిందంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అమెరికా రెండో ప్రపంచయుద్ధంలోకి దిగకముందు, కుట్టుమిషన్లు చేసేవాళ్లు తుపాకీ చేయగలరో లేదో చూద్దామని సైన్యం 500 పిస్తోళ్లకు ఆర్డరిచ్చింది. చక్కగా చేసిచ్చారు. అంత నాణ్యమైన పనితనాన్ని పిస్తోళ్ల మీద ఖర్చుచేయడం దండగని, విమానాల మీదికి ఫిరంగులు గురిపెట్టే యంత్రాల పని అప్పజెప్పారు. ఆ 500 ఇప్పుడు సేకరించేవాళ్లకి బంగారం.

యుద్ధంలో అసలు భారం మోసింది టైపురైటర్లు చేసే రెమింగ్టన్ రాండ్, ఎనిమిది లక్షల పైచిలుకు. కోల్ట్ కంపెనీ కంటే ఎక్కువ. ఇథాకా అనే వేట తుపాకుల కంపెనీ ఇంకొన్ని లక్షలు, రైల్వే సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ 55 వేలు. సిగ్నళ్ల కంపెనీ స్లైడు, టైపురైటర్ల కంపెనీ గొట్టం, కోల్ట్ ఫ్రేము కలిపి బిగించినా పనిచేయాలి. యుద్ధభూమిలో రిపేరు అలాగే జరిగింది. ఒకే డ్రాయింగు, కొలతలు సరిచూసే ఒకే గేజీలు. డ్రాయింగు మాస్టారుగా ఈ పేరా రాస్తుంటే ఛాతీ కాస్త ఉబ్బింది, దాచుకోను.

ఆగస్టు 24

చీటీలు అంటించాను. పిడి సేఫ్టీ: సైన్యం. బొటనవేలి మీట: అశ్వికదళం. తాడు కొక్కెం: వాళ్లే. పొట్టి ట్రిగ్గరు, పొడవు తోక, పొట్టముక్క: మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు. 230 గ్రెయిన్లు: సైన్యం. పాయింట్ 45: ఫిలిప్పీన్స్, చికాగో. లింకు పక్కన బ్రౌనింగ్ అని రాశాను.

బోర్డు కింద కుడివైపు అడుగున్నర చోటు మిగిలింది. రెండు లింకుల గొట్టం పెడదామనుకున్నాను గానీ మనసు మార్చుకున్నాను. అక్కడికి బ్రౌనింగ్ తర్వాతి పని వస్తుంది. 1926లో ఆయన బెల్జియంలో పని బల్ల దగ్గరే పోయాడు. సగంలో ఉన్న పిస్తోలుని ద్యుదొనె సేవ్ అనే బెల్జియం డిజైనరు పూర్తిచేశాడు, 1935లో హై పవర్ పేరుతో వచ్చింది. అందులో లింకు లేదు. గొట్టం మడమకే వంపు గాడి చెక్కారు, ఫ్రేములోని అడ్డపట్టీ మీద అది జారుతూ గొట్టాన్ని కిందికి దించుతుంది. ఊగే ముక్క ఇంకొకటి తగ్గింది. బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో మన సైన్యానికి తయారైన 9 ఎం.ఎం. 1ఏ పిస్తోలు ఆ వంశమే.

గాడి వంపు కోయడం లింకంత తేలిక కాదు. లింకైతే రెండు రంధ్రాలు, మిగతాది వృత్తం చూసుకుంటుంది. ఇక్కడ ఆ వంపు నేనే గీయాలి: మొదట తిన్నగా, 9 మి.మీ. దాటాక వాలుగా. ముందు అట్టముక్క మీద కోసి చూస్తాను. కుదిరితే మేస్త్రి దగ్గర టేకు ముక్క ఉంది, తీసి పక్కన పెట్టమని చెప్పాను.